తవిటయ్య ఇంటివాళ్ళు గ్రైండరు వాపసు చేసిన వైనం

దేవుడు తెలివి పంచేరోజున ఊరంతా గిన్నెలు పట్టుకెళ్తే తవిటయ్య ఇంటివాళ్ళు బండి కట్టుకుని వెళ్ళారట. ఈ మాట ఊరివాళ్ళు అన్నది కాదు. వాళ్ళే అంటారు. అరుగుమీద కూర్చుని, దారినపోయేవాణ్ణి ఆపి మరీ అంటారు.

ఆ ఇంట్లో ముగ్గురు. తవిటయ్య, అతని భార్య సూరమ్మ, తమ్ముడు గవరయ్య. గవరయ్యకి యాభై దాటినా పెళ్ళి కాలేదు. "పిల్లని నేను చూస్తాను, నువ్వు తొందరపడకు" అని తండ్రి ఒకరోజు అన్నాడు, ఆ మర్నాడే పోయాడు. గవరయ్య ఇప్పటికీ తొందరపడలేదు.

ఎదుటివాళ్ళు ఏమన్నారో అది చెయ్యడమే వాళ్ళ తెలివి. ఒక మాట ఎక్కువా లేదు, ఒక మాట తక్కువా లేదు. సగం విని సగం ఊహించుకోవడం మనలాంటి తెలివితక్కువవాళ్ళ పని. నా జల్లెడ పట్టుకెళ్ళి తొమ్మిదేళ్ళయింది. "పని అయ్యాక ఇచ్చేస్తాం" అన్నారు. వాళ్ళ ఇంట్లో జల్లించే పని ఇంకా అవలేదట. వాళ్ళ మాట మీద వాళ్ళు ఉన్నారు. నేనే తొందరపడుతున్నాను.

సూరమ్మ రోజూ పొద్దున్నే అరుగుమీద ఇడ్లీ, గారెలు వేసి అమ్మేది. ఆ ఇంటికి తిండి పెట్టేది ఆ పొయ్యే. మినప్పప్పు రోట్లో రుబ్బీ రుబ్బీ ఆమె కుడి భుజం పట్టేసింది. పేటలో డాక్టరు దగ్గరికి వెళ్తే ఆయన కుడిచెయ్యి పట్టుకుని చూసి, "ఈ చెయ్యి ఇంక రోలు మీద పెట్టకమ్మా" అన్నాడు.

అంతే. మర్నాటినుంచి సూరమ్మ ఎడంచేత్తో రుబ్బింది. కుడిచెయ్యి అలవాటు కొద్దీ లేస్తుందేమోనని దాన్ని కొంగుతో నడుముకి కట్టేసుకుని మరీ రుబ్బింది. నెల తిరిగేసరికి ఎడమ భుజం కూడా పోయింది.

డాక్టరు ఈసారి తల పట్టుకున్నాడు. "రెండు చేతులూ పెట్టకూడదు. రోలు జోలికే వెళ్ళకూడదు. ఇంకో రెండు నెలలు రుబ్బితే ముద్ద నోటిదాకా రాదు."

"మరి ఎక్కడిదాకా వస్తుంది బాబూ? గెడ్డందాకానా?" అని అడిగింది సూరమ్మ.

"గ్రైండరు కొనుక్కోండి" అన్నాడు డాక్టరు. ఇంతకంటే కొలిచి చెప్పే మాట ఆయన దగ్గర ఇంకోటి లేదు.

ఒక బుధవారం ముగ్గురూ పేట వెళ్ళారు. కామేశం కొట్టులో గ్రైండరు కొన్నారు. ఈ కామేశం సంగతి కొంచెం చెప్పాలి. సరుకు చేతిలో పెట్టేదాకా నీకు మేనమామ. చేతిలో పెట్టాక నువ్వెవరో అతనికి తెలీదు. పదహారేళ్ళ కిందట అతని దగ్గర నేను గొడుగు కొన్నాను. మెట్లు దిగుతుండగానే పిడి ఊడి చేతిలోకి వచ్చింది. వెనక్కి తిరిగి చూస్తే, "గొడుగు పైన ఉండాలి గానీ పిడితో నీకేం పని?" అన్నాడు. ఆ పిడి ఇప్పటికీ దాచే ఉంచాను.

ఆరోజు కామేశం మేనమామ వేషంలో ఉన్నాడు. బిల్లు చేతిలో పెట్టి, "ఇది భద్రంగా దాచుకోండి. ఎవరికీ ఇవ్వకండి" అన్నాడు. గ్రైండరు మీద చెయ్యేసి, "రెండేళ్ళ గ్యారంటీ. రెండేళ్ళదాకా దీనివంక చూడక్కర్లేదు" అన్నాడు. మెట్లదాకా సాగనంపి, "ఏ ఇబ్బంది వచ్చినా మా కొట్టు తలుపులు మీకు ఎప్పుడూ తెరిచే ఉంటాయి" అన్నాడు. ముగ్గురూ మూడు మాటలూ మూట కట్టుకున్నారు. బయట వాన కురుస్తోంది. తడుచుకుంటూ మా ఊరి సన్నాసి ఆటోలో ఇంటికి తెచ్చుకున్నారు.

కొత్త వస్తువు కదా, సూరమ్మ పసుపు రాసింది, కుంకుమ బొట్లు పెట్టింది, నిమ్మకాయ కోసింది. నానిన పప్పు పోసింది. గవరయ్య స్విచ్చి వేశాడు. గుర్ర్‌మని మోత వచ్చింది. అంతే, ముగ్గురూ గోడవైపు తిరిగి కూర్చున్నారు. దీనివంక చూడక్కర్లేదని చెప్పాడు కదా.

"ఎంత బాగా రుబ్బుతోందో" అన్నాడు తవిటయ్య గోడతో.

"నా చెయ్యి కూడా ఇంత మోత చేసేది కాదు మావా" అంది సూరమ్మ.

గంట అయింది. మాడిన కంపు వచ్చింది. "రుబ్బుతూనే గారెలు కూడా వేసేస్తున్నట్టుంది వదినా" అన్నాడు గవరయ్య. ఇంక ఆగలేక వెనక్కి తిరిగి చూశాడు. పప్పు పోసినది పోసినట్టే ఉంది. గిన్నె ఒక్క చుట్టు తిరగలేదు. లోపల ఏదో పట్టేసింది. వట్టి మోత.

ఇందులో వాళ్ళ తప్పేమీ లేదు. సరుకే చెడ్డది. ఈ కథ మొత్తంలో వాళ్ళు చెయ్యని తప్పు ఇదొక్కటే కాబట్టి గుర్తు పెట్టుకోండి.

మర్నాడు గురువారం పేట వెళ్ళారు. గురువారం ఆ బజారుకి సెలవు. కామేశం కొట్టు మూసి ఉంది.

"ఎప్పుడూ తెరిచే ఉంటాయన్నాడు కదా" అంది సూరమ్మ.

తవిటయ్య బుర్ర గోక్కున్నాడు. "మూసి ఉందంటే ఇది ఆయన కొట్టు కాదు. మనం దారి తప్పాం. తెరిచి ఉన్నది ఎక్కడుందో చూడండి."

ఇంకేముంది, బజారంతా తిరిగారు. చివర ఒక పశువుల దాణా కొట్టు తెరిచి ఉంది. ముగ్గురూ వెళ్ళి, "మా గ్రైండరు తిరగట్లేదు" అన్నారు. దాణా కొట్టాయన, "నేను గ్రైండర్లు అమ్మను" అన్నాడు. "అమ్మావా లేదా అన్నది కాదు బాబూ. నీ తలుపులు తెరిచి ఉన్నాయా లేవా?" అన్నాడు తవిటయ్య. తెరిచే ఉన్నాయి, ఆయన ఏమంటాడు? సాయంత్రందాకా వాదించి, వదిలించుకోవడానికి చిట్టు బస్తా ఒకటి ఇచ్చి పంపాడు. దాన్ని గ్రైండరు పక్కన పెట్టి రెండ్రోజులు చూశారు. ఏమీ తేడా కనబడలేదు.

శనివారం అసలు కొట్టు దొరికింది. కామేశం గల్లాపెట్టె దగ్గర కూర్చుని ఉన్నాడు.

"బాబూ, గిన్నె తిరగట్లేదు" అన్నాడు తవిటయ్య.

"ఎవరు మీరు?"

"బుధవారం కొన్నాం. మెట్లదాకా వచ్చి సాగనంపినావు."

"అయితే మీరే ఏదో చేసి పాడుచేసుంటారు."

"లేదు బాబూ. అసలు దానివంక చూడనేలేదు."

కామేశం వేలెత్తి గోడమీది బోర్డు చూపించాడు. గవరయ్య మూడో తరగతి చదివాడు, రెండుసార్లు. ఒక్కో అక్షరం పట్టుకుని చదివాడు. "అమ్మిన... సరుకు... వాపసు... తీసుకోబడదు."

ముగ్గురూ తలలు దగ్గరపెట్టారు.

"అమ్మింది ఎవరు?" అన్నాడు తవిటయ్య.

"ఈ బాబే" అన్నాడు గవరయ్య.

"కొన్నది?"

"మనం."

"అయితే ఈ కట్టడి మనకి కాదు, ఆయనకి. మనం ఇవ్వొచ్చు. ఆయన తీసుకోకూడదు."

సూరమ్మకి జాలేసింది. "పాపం, తీసుకోవాలని ఉన్నా చెయ్యి ఆడదు. ఎవరు పెట్టారు బాబూ నీకీ కట్టడి?"

"ఎవరో పెట్టడమేమిటి? నేనే పెట్టుకున్నాను."

"నువ్వే పెట్టుకున్నావా? అయితే నువ్వే తీసేసుకో బాబూ. ఎందుకొచ్చిన అవస్థ?"

కొట్టులో ఉన్న నలుగురూ నవ్వారు. గవరయ్య ఊరుకోకుండా స్టూలెక్కి, ఆయన తరఫున ఆ బోర్డుని గోడవైపు తిప్పేశాడు. కామేశం మొహం మాడ్చుకున్నాడు. వీళ్ళని పంపేస్తే చాలనుకుని, "సరే. నేను ఎలా ఇచ్చానో అచ్చంగా అలాగే పట్టుకురండి. పెట్టె, బిల్లు, అన్నీ. అప్పుడు చూద్దాం" అన్నాడు. కొత్త సరుకంటే ఎవరైనా పసుపు రాసి, కుంకుమ పెడతారు, అది ఇచ్చినట్టు ఎలా వస్తుందిలే అని అతని ధీమా. పెట్టె తెరవకుండా లోపలిది పాడైందని ఎవరికైనా ఎలా తెలుస్తుందో అతన్ని అడిగినవాళ్ళు లేరు.

వాళ్ళు ఇంటికొచ్చి కూర్చుని జ్ఞాపకం చేసుకున్నారు. ఎలా ఇచ్చాడు?

"బుధవారం ఇచ్చాడు" అన్నాడు గవరయ్య. సరే, బుధవారం దాకా ఆగారు.

"నేను ఆకుపచ్చ చీర కట్టుకున్నాను" అంది సూరమ్మ. ఆ చీర ఉతికి ఆరేశారు.

"సన్నాసి ఆటో" అన్నాడు తవిటయ్య. సన్నాసి వేరే బాడుగకి పోయి ఉంటే, వచ్చేదాకా కూర్చున్నారు.

"ఎక్కేటప్పుడు నా చెప్పు తెగింది" అన్నాడు గవరయ్య. చెప్పు బాగు చేయించి, మళ్ళీ తెంపాడు.

ఒక్కటే చిక్కు. ఆరోజు వాన. ఈ బుధవారం ఎండ మండిపోతోంది. తవిటయ్య ఆకాశంవంక చూశాడు, సూరమ్మవంక చూశాడు. అంతే. పేట బజారు మలుపులో ఆటో ఆపించి, కుళాయి దగ్గర మూడు బిందెలు పట్టి, ఒకటి గ్రైండరు మీద, ఒకటి తమ మీద, ఒకటి సన్నాసి మీద పోశారు. సన్నాసి తిట్టిన తిట్లు ఇక్కడ రాయను. పిల్లలు వింటారు.

ఇక పెట్టె. గ్రైండరు వచ్చిన అట్టపెట్టెలో అప్పటికే సూరమ్మ కోడిని పొదగేసింది. పదకొండు గుడ్లు. "పెట్టె తెమ్మన్నాడు గానీ, ఖాళీ చేసి తెమ్మన్లేదు" అన్నాడు తవిటయ్య. కోడితో సహా తెచ్చారు.

ఇక బిల్లు. భద్రంగా దాచుకోమన్నాడు కదా, సూరమ్మ దాన్ని ప్లాస్టిక్ సంచిలో చుట్టి, వంటింటి మట్టిగోడకి కన్నం చేసి, లోపల పెట్టి, మట్టితో మెత్తి, పేడతో అలికేసింది. అంత భద్రం. ఇప్పుడు ఎక్కడ పెట్టిందో గుర్తు లేదు. గునపంతో పొడిచారు. నాలుగో పోటుకి వంటింటికి కొత్త కిటికీ వచ్చింది, ఆ పెళ్ళలో సంచి కొస కనబడింది. సంచి బయటికి లాగితే భద్రం పోతుంది. అందుకని పెళ్ళ మొత్తం గవరయ్య నెత్తిన పెట్టుకున్నాడు.

నీళ్ళోడుతున్న ముగ్గురు మనుషులు, నీళ్ళోడుతున్న గ్రైండరు, గోడ పెళ్ళ, కోడి. కామేశం కళ్ళు నులుముకున్నాడు.

"ఇదిగో బాబూ, నువ్వు ఇచ్చినట్టే తెచ్చాం" అన్నాడు తవిటయ్య. "వాన కూడా తెచ్చాం."

"నేను ఇచ్చినప్పుడు ఇందులో కోడి ఉందా?"

"లేదు. మాకూ అదే అనుమానం వచ్చింది. దాన్ని నీకు ఇవ్వడం లేదు. పెట్టెకి తోడు వచ్చింది."

మాట పూర్తికాకుండానే కోడి లేచి, మిక్సీల వరస మీదనుంచి పరిగెత్తి, సీలింగు ఫ్యాను పెట్టెల మీదెక్కి కూర్చుంది. దాన్ని దింపడానికి కామేశం చెమటోడ్చాడు. దింపాక అడిగాడు, "బిల్లు ఏది?"

గవరయ్య నెత్తిమీది పెళ్ళ చూపించాడు. "ఇందులో ఉంది."

"ఇలా ఇవ్వు."

"ఇవ్వను."

"ఇవ్వవా?"

"ఎవరికీ ఇవ్వొద్దని నువ్వే చెప్పినావు బాబూ."

"నాకు ఇవ్వొచ్చయ్యా."

"ఎవరికీ అన్నావు. అందులో నువ్వు లేవని చెప్పలేదు."

కామేశానికి ప్రాణం లేచొచ్చింది. "బిల్లు చూపించకపోతే నేనేమీ చెయ్యలేను. పైగా నీళ్ళలో తడిపారు. బొట్లు పెట్టారు. వెళ్ళండి."

తవిటయ్య ఆలోచించాడు. "ఆయన అన్నదీ నిజమే. మనం అన్నదీ నిజమే. ఇద్దరివీ నిజాలైనప్పుడు ఇంక దెబ్బలాట ఏటి?" అన్నాడు. ముగ్గురూ కామేశానికి దణ్ణం పెట్టి, పెళ్ళా కోడీ గ్రైండరూ సర్దుకుని వచ్చేశారు.

అప్పటికి ఇడ్లీ పొయ్యి చల్లారి పదిహేను రోజులు. ఇంట్లో గంజే. సూరమ్మ సాయంత్రాలు వెళ్ళి రోలు పక్కన కూర్చుని దాన్ని చూస్తూ ఉండేది. "ఇంకో రెండ్రోజులు చూస్తాను మావా. ఆ తర్వాత డాక్టరు ఏమన్నా సరే, రుబ్బుతాను. ముద్ద గెడ్డందాకా వచ్చినా ముద్ద ఉండాలి కదా" అంది. ఆ ఇంటినుంచి తెలివైన మాట నేను విన్నది అదొక్కటే.

ఆ వీధిలోనే విజయభారతి అని రిటైరైన పంతులమ్మ ఉండేది. రోజూ నాలుగిడ్లీ సూరమ్మ దగ్గరే. పదిహేను రోజులు ఉప్మా తిని తిని విసిగిపోయి, సంగతేమిటో కనుక్కుందామని వచ్చింది. వంటింటి గోడకి కన్నం, అరుగుమీద కోడి, మూల బొట్లతో గ్రైండరు. అంతా మధ్యలో ఆపకుండా వింది. ఆవిడ ముప్ఫై ఏళ్ళు ఒకటో తరగతికి చెప్పింది. ఓపిక ఉంది.

"ఆ బోర్డుకి విలువ లేదు" అంది చివరికి. "చెడ్డ సరుకు అమ్మినవాడు దాన్ని బాగు చెయ్యాలి, లేదా మార్చాలి, లేదా డబ్బు వెనక్కివ్వాలి. గోడమీద ఏం రాసుకున్నా సరే. బొట్టు పెట్టినంత మాత్రాన మీ హక్కు పోదు. బిల్లు మీద గడువేమీ రాసి లేకపోతే ముప్ఫై రోజుల్లోపు చెడ్డ సరుకు తీసుకోనని అనడమే అతని తప్పు. వినకపోతే జిల్లా వినియోగదారుల కమిషనుకి కాగితం పెట్టొచ్చు. మీ గ్రైండరుపాటి దానికి ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు."

"వకీలు అక్కర్లేదంటే, వస్తానన్నా వద్దనాలా అమ్మా?" అన్నాడు గవరయ్య.

పంతులమ్మ ఆ మాట విననట్టు పెళ్ళ పగలగొట్టి, బిల్లు తీసి, ఇదే సంగతి ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసింది. రాసి, ఒక్కో మాటా ఒత్తి చెప్పింది. ఆవిడ తప్పల్లా ఇక్కడే.

"గ్రైండరు పట్టుకుని వెళ్ళండి. ఈ కాగితం, బిల్లు చూపించండి. ఒక్క మాట మాట్లాడకండి. మీరు నోరు విప్పితే పని చెడుతుంది. అతను ఒప్పుకుంటున్నట్టు రాసి ఇచ్చేదాకా ఆ గుమ్మంలోంచి కదలకండి. ఇంకో సంగతి. అతను మోసగాడు. ఏదో ఒకటి అంటగడతాడు. మీరు కొన్నదానికి అచ్చం అలాంటిదే ఇవ్వాలి. వెంట్రుకంత తేడా ఉన్నా ఒప్పుకోకండి."

"వెంట్రుకంత" అన్నాడు తవిటయ్య, మూట కట్టుకుంటూ.

మర్నాడు కొట్టు తెరిచేసరికి ముగ్గురూ గుమ్మంలో నిలబడి ఉన్నారు. పక్కన గ్రైండరు. సూరమ్మ చేతిలో బిల్లు, తవిటయ్య చేతిలో కాగితం.

"మళ్ళీ వచ్చారా? కోడి ఏది?" అన్నాడు కామేశం.

మాట లేదు.

"జరగండి. దారి వదలండి."

కదలలేదు. గుమ్మం చిన్నది, ముగ్గురూ ఒళ్ళున్న మనుషులు. కుక్కరు కొనడానికి ఒకాయన వచ్చాడు. లోపలికి దారిలేక, "ఏమైందమ్మా?" అని అడిగాడు. సూరమ్మ తవిటయ్యవంక చూసింది. తవిటయ్య కాగితం చాచాడు. ఆయన గట్టిగా చదివాడు. చదివి, కామేశంవంక చూసి, వెళ్ళిపోయాడు. తర్వాత ఇద్దరు ఆడవాళ్ళు వచ్చారు. వాళ్ళూ చదివారు, వాళ్ళూ వెళ్ళిపోయారు. పది గంటలకి ఇరవైమంది పోగయ్యారు. ఒకడు ఇంటికి పరిగెత్తి తిరగని ఫ్యాను తెచ్చాడు. ఇంకొకావిడ వేడెక్కని ఇస్త్రీపెట్టె తెచ్చింది. కబురు ముందే అందితే నేనూ గొడుగు పిడి పట్టుకెళ్ళేవాణ్ణి.

కామేశం బెదిరించాడు. మాట లేదు. కుర్చీలు వేయించాడు. కూర్చోమని పంతులమ్మ చెప్పలేదు, కూర్చోలేదు. నిమ్మసోడాలు తెప్పించాడు. తాగడానికి నోరు విప్పాలి కదా, తాగలేదు. ఎండలో ముగ్గురూ చెమటలు కక్కుతూ రాతిబొమ్మల్లా నిలబడ్డారు.

"మీరు అమాయకులనుకున్నాను. ఇంత గట్టి పిండాలని తెలీదు" అన్నాడు కామేశం. మూడు గంటలకి దిగొచ్చాడు. "సరే తల్లీ. మారుస్తాను. కొత్తది ఇస్తాను. దారి వదలండి."

కదలలేదు. రాసి ఇవ్వలేదు కదా.

"ఇంకా ఏం కావాలి మీకు? నా కొట్టా?" అన్నాడు. ఎవరో గుంపులోంచి కాగితం కింది వరస చదివి వినిపించారు: "ఒప్పుకుంటున్నట్టు రాసి ఇవ్వాలి." కామేశం గబగబా రాశాడు: "వీరు కొన్నదానికి బదులు అచ్చంగా అలాంటిదే మరొక గ్రైండరు ఇవ్వడమైనది." సంతకం పెట్టాడు, ముద్ర కొట్టాడు. కొత్త పెట్టె తెప్పించి, అక్కడే ప్లగ్గు పెట్టి, గిన్నె గిర్రున తిరగడం అందరికీ చూపించాడు. జనం చప్పట్లు కొట్టారు. ముగ్గురూ గ్రైండరు ఎత్తుకుని, ఊరు చేరేదాకా నోరు విప్పకుండా వచ్చారు. నోరు మళ్ళీ ఎప్పుడు విప్పాలో పంతులమ్మ చెప్పలేదు, ఆవిడ కనబడేదాకా విప్పలేదు.

ఆ సాయంత్రం సూరమ్మ పప్పు పోసి స్విచ్చి వేసింది. గిన్నె తిరిగింది. పాతికేళ్ళు రెండు చేతులతో తిప్పిన పని కళ్ళముందు దానంతట అది జరిగిపోతోంది. వెన్నలాంటి పిండి. సూరమ్మ రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని చూస్తూ కూర్చుంది. మర్నాడు పొద్దున్న అరుగుమీద ఇడ్లీ ఉంది. పంతులమ్మ ఆరు తింది. కథ ఇక్కడ ఆపేస్తే అందరం సుఖంగా పడుకోవచ్చు.

కానీ ఇడ్లీ వాయి దించుతుంటే సూరమ్మ మొహంలో ఏదో మార్పు వచ్చింది.

"మావా" అంది. "పాత గ్రైండరు తిరిగేదా?"

"లేదు."

"ఇది?"

"తిరుగుతోంది."

"మరి తేడా కాదా?"

తవిటయ్య చేతిలో ఇడ్లీ చేతిలోనే ఉండిపోయింది. "వెంట్రుకంత తేడా ఉన్నా ఒప్పుకోవద్దంది పంతులమ్మ."

"వెంట్రుకంతేటి అన్నా, ఇది గుంజంత ఉంది" అన్నాడు గవరయ్య. "అదేమో తిరగదు, ఇదేమో తిరుగుతుంది. అది మాడిన కంపు కొట్టేది, ఇది కొట్టదు. దానికి బొట్లున్నాయి, దీనికి లేవు. అన్నీ తేడాలే. నిలువునా ముంచేశాడు."

"నేను వట్టి అమాయకురాలిననుకున్నాడు" అంది సూరమ్మ, కళ్ళు ఒత్తుకుంటూ. "అందుకే జనం ముందు అంత సంబరంగా తిప్పి చూపించాడు."

ఇంకేముంది, పంతులమ్మకి ఒక మాట చెప్పకుండానే, అప్పటికప్పుడు కొత్త గ్రైండరు ఎత్తుకుని సన్నాసి ఆటో ఎక్కారు. ఈసారి సన్నాసి గొడుగేసుకుని తోలాడు.

గుమ్మంలో మళ్ళీ ఆ ముగ్గుర్నీ చూసి కామేశం కుర్చీలోంచి సగం లేచాడు. "ఏమైంది? ఇదీ తిరగట్లేదా?"

"తిరుగుతోంది" అన్నాడు తవిటయ్య కోపంగా.

"మరేమిటి?"

"అదే అడుగుతున్నాం. అచ్చంగా అలాంటిదే అని రాసి, సంతకం పెట్టి, తిరిగేది అంటగట్టావు. మేం కొన్నది తిరగనిది. మా హక్కులు మాకు తెలుసు బాబూ. మాది మాకు ఇవ్వు, లేకపోతే ఈ గుమ్మం కదలం."

ముప్ఫై ఏళ్ళ వ్యాపారంలో కామేశం విననిది ఏమైనా మిగిలి ఉందంటే అది ఈ మాటే. అయినా తేరుకోవడానికి అతనికి ఎంతోసేపు పట్టలేదు. పరుగున లోపలికి వెళ్ళి, పసుపు బొట్లు చెరగని పాత గ్రైండరు తనే మోసుకొచ్చి, తనే ప్లగ్గు పెట్టాడు. గుర్ర్‌మంది. గిన్నె కదల్లేదు. కంపు కొట్టింది. ముగ్గురి మొహాలూ వెలిగాయి.

"ఇదీ మన సరుకు" అంది సూరమ్మ.

"పొరపాటైపోయింది, క్షమించండి" అన్నాడు కామేశం. "మీలాంటి వినియోగదారులు ఇంటింటికీ ఉండాలి." మెట్లదాకా వచ్చి సాగనంపాడు. మళ్ళీ మేనమామ. వాళ్ళు అటు తిరగగానే స్టూలెక్కి బోర్డు ఇటు తిప్పాడు.

మర్నాడు పొద్దున్న పంతులమ్మ ఇడ్లీకని వచ్చింది. గ్రైండరు గుర్ర్‌మంటోంది. వంటింట్లోంచి కంపు. గవరయ్య, కామేశం రాసిచ్చిన కాగితానికి మేకు కొట్టి గోడకి తగిలిస్తున్నాడు. కొత్త కిటికీ పక్కనే. లోపల సూరమ్మ పీటమీద కూర్చుని, గ్రైండరు గిన్నె అంచు రెండు చేతులతో పట్టుకుని, పళ్ళు బిగించి, బలమంతా పెట్టి తిప్పుతోంది. ఒక్కో చుట్టుకీ భుజాలు కలుక్కుమంటున్నాయి. తవిటయ్య పక్కన నిలబడి చుట్లు చూస్తున్నాడు.

పంతులమ్మ తలుపు పట్టుకుని నిలబడిపోయింది. "సూరమ్మా, ఏం చేస్తున్నావు? డాక్టరు చేతులు పెట్టొద్దన్నాడు కదా."

"రోలు మీద కదమ్మా" అంది సూరమ్మ, ఆయాసపడుతూనే నవ్వి. "ఇది గ్రైండరు."